కంబన్న తదనంతరం

కల్లూరులో షేర్ ఆటోలు ఆగే మలుపు దగ్గర కంబన్న, భీమక్క బొరుగుల ఉగ్గాణి బండి నడిపేవారు. కోడుమూరు పక్క పల్లెలో వాళ్లకు మూడెకరాల మెట్ట చేను ఉండేది. వరసగా మూడేళ్లు వేరుశనగ వేస్తే విత్తనాల ఖర్చు కూడా తిరిగి రాలేదు. ఆ చేను అన్న పెద్ద ఈరన్నకు వదిలేసి, ఎనిమిదేళ్ల కూతురు శివలీలను వెంటబెట్టుకుని కల్లూరుకు వచ్చేశారు. ఆ పిల్ల పెరిగి, గుంతకల్లులో లారీ డ్రైవరును పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. బండి మాత్రం ఆ మలుపులోనే ఉంది.

జనం దాన్ని కంబన్న బండి అనేవారు. చేయి మాత్రం భీమక్కది. బొరుగులు ఎంతసేపు తడపాలో, ఎంత గట్టిగా పిండాలో, పుట్నాల పొడి ఎప్పుడు చల్లాలో ఆమెకు తెలిసినట్టు కంబన్నకు తెలియదు. అతను ఉల్లిగడ్డలు తరిగేవాడు, నీళ్లు మోసేవాడు, ప్లేట్లు కడిగేవాడు, బీడీ ముట్టించి వచ్చినవాళ్లతో మాట్లాడేవాడు. ఆ మాటలు కూడా బండికి కావలసినవే కదా అని భీమక్క నవ్వేది.

వాళ్లు అద్దెకుండే గది రాజ్యలక్ష్మమ్మది. ఆమె భర్త సర్కారు బడిలో హెడ్మాస్టరుగా చేసి, రిటైరైన రెండేళ్లకు పోయాడు. ప్రతి నెలా ఒకటో తారీకున ఆమె గంజి పెట్టిన నేత చీర కట్టుకుని, షేర్ ఆటో కాకుండా తనొక్కతే ఒక ఆటో మాట్లాడుకుని కర్నూలులో బ్యాంకుకు పోయి పింఛను తెచ్చుకునేది. రెండువేల మూడు వేసవిలో ఒకసారి అట్లా వచ్చి, ద్రాక్షపండ్ల సంచీలోంచి ఒక గుత్తి తీసి భీమక్క చేతిలో పెట్టింది.

“తీసుకో భీమక్కా. మా ఆయన పోయి నాలుగేండ్లయినా నన్ను సాకుతానే ఉన్నాడు చూడు” అంది.

ఆ మధ్యాహ్నం పండ్లు తింటూ భీమక్క ఈ మాట మొగుడికి చెప్పింది. ఊరికే, ముచ్చటగా చెప్పింది. కంబన్న తినడం ఆపేశాడు.

“నాకేమన్నా అయితే నీ గతేంది?” అన్నాడు.

“బండి ఉండాది. చేతులుండాయి.”

“చేతులు ఎన్నాళ్లుంటాయి? మా నాయన యాభై రెండేండ్లకు పాయ. పెద్ద ఈరన్న మొన్న యాభై నాలుగు నిండకముందే పాయ. మా ఇంట్లో మొగోళ్లు ముసలోళ్లయ్యింది యాడ చూసినావు? నాకిప్పుడు నలభై ఎనిమిది.”

“పండ్లు తిను” అంది భీమక్క.

కానీ ఆ ఆలోచన అతన్ని వదల్లేదు. ప్రదీప్‌కుమార్ అని ఒక బీమా ఏజెంటు రోజూ పొద్దున బండి దగ్గర ఉగ్గాణి తిని ఆఫీసుకు పోయేవాడు. కుర్రవాడే, నెమ్మదస్తుడు. మరునాడు కంబన్న అతన్ని పట్టుకున్నాడు.

“సారూ, ఉద్యోగం లేనోళ్లకు పింఛను రాదా?”

“ఎందుకు రాదు కంబన్నా? సొంత పని చేసుకునేవాళ్లకని మా దగ్గర ఒక ప్లాను ఉంది. నెలనెలా నువ్వే కట్టుకోవాలి. పదేళ్లు కడితే, నీకు యాభై ఎనిమిది నిండినప్పటి నుంచి నెలకింత అని వస్తుంది.”

“నాకు గాదు సారూ. ఆమెకు రావల్ల.”

ప్రదీప్‌కుమార్ ఆ ఆదివారం వాళ్ల గదికి వచ్చి, చాప మీద కూర్చుని, కాగితం మీద గీతలు గీసి చెప్పాడు. పాలసీ కంబన్న పేరు మీద ఉంటుంది, భార్య పేరు కూడా రాస్తారు. అతను బతికున్నన్నాళ్లు పింఛను అతనికి, అతని తదనంతరం ఆమెకు, ఆమె ఉన్నన్నాళ్లు. ఒకవేళ యాభై ఎనిమిది నిండకముందే అతనికేమైనా అయితే, అప్పటిదాకా చేరిన మొత్తం నుంచి ఆమెకు పింఛను మొదలవుతుంది.

“అంటే నేను యా పొద్దు పోయినా ఆమెకు వస్తాది” అన్నాడు కంబన్న, మళ్లీ మళ్లీ అడిగి.

“వస్తుంది.”

గడప దగ్గర కూర్చుని వింటున్న భీమక్క అప్పుడు నోరు విప్పింది. “నేను ముందు పోతే?”

“అప్పుడేముందక్కా, అన్నకు వచ్చేది అన్నకు వస్తుంది.”

“నేను కట్టింది?”

ప్రదీప్‌కుమార్ కొంచెం తడబడ్డాడు. “పాలసీ అన్న పేరు మీద కదక్కా. కట్టేది ఆయన కింద లెక్క.”

“అట్లనా” అంది భీమక్క. కంబన్న మాత్రం కసిరాడు. “మంచి పని జేస్తాంటే అవేం మాటలే? నీకేమైతాది? నువ్వు నాకంటే ఐదేండ్లు చిన్న. రాయి మాదిరి ఉండావు.”

నెలకు నాలుగు వందలని ఒప్పుకున్నారు. పొద్దుటి బండి మీద అంత మిగలదు. సాయంత్రం కూడా బండి పెట్టి మిరపకాయ బజ్జీలు వేద్దామని భీమక్కే చెప్పింది. మధ్యాహ్నం నడుం వాల్చే రెండు గంటలు పోయాయి. పిండి కలపడం, మిరపకాయలు చీల్చడం, చింతపండు పెట్టడం, ఆ పైన చీకటి పడేదాకా బాండలి ముందు నిలబడటం ఆమె పని అయింది. ప్లేట్లు, నీళ్లు, మాటలు కంబన్న పని. పనులు అట్లానే పంచుకుని పన్నెండేళ్లు గడిచాయి కాబట్టి ఎవరికీ అందులో తేడా కనిపించలేదు.

ఆ రోజుల్లో కంబన్న ముఖంలో ఒక వెలుగు ఉండేది. తాను పోయిన తరవాత భీమక్క ఎట్లా బతుకుతుందో అతను లోపల్లోపల ఇల్లు కట్టుకున్నట్టు కట్టుకున్నాడు. పొద్దున లేవాల్సిన పని ఉండదు. ఒకటో తారీకు మంచి చీర కట్టుకుంటుంది. బ్యాంకులో పేరు పెట్టి పిలుస్తారు. ఒకరోజు ఆ పేరు దగ్గర ఆగిపోయాడు.

“నీకు సంతకం రాదు గదా?”

“వేలిముద్ర ఏస్తా.”

“వేలిముద్రోళ్లను పక్కన కూసోబెడ్తారంట. రాజ్యలక్ష్మమ్మ చెప్పింది. నువ్వు నేర్చుకోవల్ల.”

కంబన్న ఐదో తరగతి చదివాడు. గిరాకీ లేనప్పుడు బండి తగరం మీద సుద్దముక్కతో ‘భీమక్క’ అని రాసి, ఆమె చేత దిద్దించాడు. ‘భీ’ ఆమెకు లొంగేది కాదు. ఒకసారి గుడి మాత్రమే వచ్చేది, ఒకసారి కింది ఒత్తు ఎగిరిపోయేది. ఆటోవాళ్లు చూసి నవ్వేవారు. భీమక్క కొంగుతో చెరిపేసి, “నా పేరు ఇంత కష్టమని తెలిస్తే మా యమ్మను గంగక్క అని పెట్టమందును” అనేది. రెండు నెలలకు వచ్చింది. వచ్చిన రోజు కంబన్న ఆమెను కర్నూలుకు తీసుకుపోయి, బ్యాంకు ఎదురుగా టీ తాగించి, లోపలికి వచ్చేపోయే ఆడవాళ్లను చూపించాడు.

“అదో, ఆ కిటికీ కాడ. భయపడొద్దు. పాసుబుక్కు ఇచ్చి నిలబడు, అంతే.”

“నువ్వు రావా?”

“నేనుంటే నీకు పింఛను యాడిదే?”

భీమక్క టీ గ్లాసు కింద పెట్టి అతన్ని అట్లా చూసింది. “నువ్వు సచ్చినాక నేను మంచి చీర కట్టుకుంటానని నీకు ఎవురు చెప్పినారయ్యా?” అంది.

మూడేళ్లు ఒక్క నెల తప్పకుండా కట్టారు. నాలుగో ఏట భీమక్కకు దగ్గు పట్టుకుంది. బండి మీద కిరసనాయిలు స్టవ్వు. వానకు, ఎండకు అడ్డంగా మూడువైపులా కట్టిన పట్ట. పొద్దున తిరగమోత ఘాటు, సాయంత్రం మరిగిన నూనె పొగ, రెండూ ఆ పట్ట లోపలే తిరిగేవి. “పొగకు లే” అనేది ఆమె. కంబన్నా అదే అనుకున్నాడు. తనకూ అప్పుడప్పుడూ దగ్గు వస్తే మాత్రం, ఇదిగో పిలుపు వచ్చిందని భయపడి, ఆ నెల పాలసీ కంతు రెండు రోజులు ముందుగానే కట్టి వచ్చేవాడు.

రెండువేల ఏడు ఉగాది నాటికి ఆమె నాలుగు అడుగులు వేసి నిలబడి, బిందె కింద పెట్టి, ఊపిరి తీసుకుని మళ్లీ నడిచేది. కంబన్న చూడలేదా అంటే చూశాడు. మందులంగట్లో దగ్గు మందు తెచ్చిపెట్టాడు. “సాయంత్రం బండి ఆపుదామా?” అని ఒకసారి అడిగాడు కూడా. “ఆపితే కంతు?” అంది ఆమె. అతను ఇంకోసారి అడగలేదు.

ఆషాఢంలో ముసురు పట్టిన ఒక సాయంత్రం, బాండలిలో బజ్జీలు తిరగేస్తూ తిరగేస్తూ భీమక్క జల్లెడగరిటె వదిలేసి బండి చక్రం పక్కన కూర్చుండిపోయింది. పెదవులు నీలం తిరిగాయి. ఆటోవాళ్లే ఎత్తుకుని కర్నూలు ఆసుపత్రికి చేర్చారు. ఊపిరితిత్తులు ఎప్పటినుంచో పాడైపోయి ఉన్నాయని, దానిమీద ఇప్పుడు నిమ్ము చేరిందని డాక్టరమ్మ చెప్పింది. “ఇన్నాళ్లు ఎట్లా ఓర్చుకుంది ఈమె?” అని అడిగింది.

గుంతకల్లు నుంచి శివలీల వచ్చింది. మందులు, పరీక్షలు, మనుషుల తిండి. అయిదో రోజుకు చేతిలో ఉన్నదంతా అయిపోయింది. కంబన్న ప్రదీప్‌కుమార్ దగ్గరికి పోయాడు. పాలసీ ఇప్పుడు మూసేస్తే కట్టినదానికంటే కొంచెం తక్కువ వస్తుందని, వారంలో ఇప్పిస్తానని అతను చెప్పాడు. కాగితం మీద భార్య సంతకం కూడా ఉంటే మంచిదన్నాడు.

ఆ కాగితం తెచ్చి మంచం పక్కన కూర్చుంటే, భీమక్క ముక్కు మీది గొట్టం పక్కకు జరిపి చూసింది.

“ఏంది అది?”

“ఏం లేదు. సంతకం జేయి. మళ్లీ కట్టుకుందాంలే నిదానంగా.”

ఆమెకు అర్థమైంది. చేయి దుప్పటి కిందికి లాక్కుంది.

“అది ముట్టొద్దు.”

“నీకంటే ఎక్కువనా అది?”

“నాలుగేండ్లు నిలబడి కట్టింది అది. ముట్టుకుంటే నా మీద ఒట్టే. నీకెవురుండారు రేపు? నీకు బొరుగులు పిండేది కూడా రాదు.” అంతసేపు మాట్లాడినందుకు ఆమెకు చాలాసేపు ఊపిరి అందలేదు. తేరుకున్నాక నెమ్మదిగా అంది, “నీకే వస్తాదిలే. నేను అప్పుడే అడిగినా గదా ఆ సారును.”

శివలీల తన చేతి గాజులు రెండూ కుదువబెట్టింది. పదకొండో రోజు తెల్లవారుతుండగా భీమక్క పోయింది.

కంబన్న నెల దాటినా బండి పెట్టలేదు. గదిలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఏడవడం కూడా సరిగా రాలేదతనికి. జరిగినదాంట్లో ఎక్కడో పెద్ద తప్పు ఉన్నట్టు, ఎవరైనా వచ్చి దాన్ని సరిచేస్తారన్నట్టు చూస్తుండేవాడు. నాలుగేళ్లుగా తన చావుకు సిద్ధపడ్డ మనిషి అతను. ఆ తరవాత ఆమె ఏం తింటుందో, ఎక్కడ ఉంటుందో, ఎవరితో బ్యాంకుకు పోతుందో అన్నీ అతనికి తెలుసు. ఆమె లేకుండా తనకు మరునాడు పొద్దున నీళ్లెవరు కాచిపెడతారో మాత్రం తెలియదు.

కర్మాంతరాలదాకా ఉండి వెళ్లిన శివలీల ఇరవై రోజులకు మళ్లీ వచ్చింది. తండ్రి వాలకం చూసి వంట చేసి పెట్టింది. అతను ముద్ద కలుపుతూ, “ప్రదీప్ సారు వచ్చిపాయ. పాలసీలో మీ యమ్మ పేరు తీసేయాలంట. దానికేందో ఫారమంట” అన్నాడు.

శివలీల చేతిలోని గిన్నె నేల మీద కొట్టినట్టు పెట్టింది.

“ఇంకా ఆ పాలసీ మాటేనా నాయనా? అమ్మను తినింది అదే. ఆ నూనె పొగే. నేను సస్తా, నేను సస్తా అని నాలుగేండ్లు ఆమెను ఆ పొగలో నిలబెట్టినావు. ఆమె దగ్గు నీకు వినపడలేదా?”

కంబన్న తలెత్తలేదు. కలిపిన ముద్ద అట్లాగే ఉంది.

“వినపడినాది” అన్నాడు. “నా దగ్గు కంటే చిన్నగా వినపడినాది.”

ఆ మాటకు శివలీల కూలబడిపోయింది. రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. కంబన్నకు ఏం చేయాలో తోచలేదు. లేచి వెళ్లి పక్కన కూర్చున్నాడు.

“నాకూ తెలుసు నాయనా” అంది ఆమె వెక్కుతూ. “ఉగాదికి ముందు ఫోన్ జేసింది అమ్మ. మెట్లెక్కితే ఊపిరి ఆడ్తాలేదు పాపా అనింది. డాక్టరుకు చూపిచ్చుకోమంటే, మీ నాయనకు చెప్పొద్దు, బండి ఆపేస్తాడు అనింది. నేను చెప్పలేదు. మా ఇంట్లో తిప్పలే నాకు తలకు మించి ఉండె. దసరాకు పోయినప్పుడు తీసకపోదాంలే అనుకున్నా. నేనే చెప్పలేదు.”

తరవాత ఆమె ముఖం కడుక్కుని వచ్చి, ఎండిపోయిన ముద్ద తీసేసి, వేరే కంచంలో వడ్డించింది. అతను తిన్నాడు.

మరునాడు పొద్దున్నే శివలీల అతన్ని అదే ఆసుపత్రికి తీసుకుపోయింది. “నీ దగ్గు కూడా చూపియ్యల్ల. ఇంకొకరి మాట నేను దాచిపెట్టుకోలేను” అంది. ఛాతీకి ఫొటో తీశారు, గుండెకు తీగలు పెట్టి చూశారు. డాక్టరు పెద్దాయన, కాగితాలు తిప్పి, కంబన్న భుజం తట్టాడు.

“ఏం లేదప్పా నీకు. బీడీ మానెయ్యి చాలు. గుండె ఎద్దు మాదిరి ఉంది. ఇంకో ఇరవై, ముప్పై ఏండ్లు ఢోకా లేదు.”

శివలీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దేవుడికి దండం పెట్టుకుంది. ఇరవై ఏండ్లనే మాట కంబన్న ముందు కోడుమూరు ఎండల్లో చేను గట్టులాగా, ఎక్కడా చెట్టు లేకుండా, సాగిపోయి కనిపించింది. “అన్ని యేండ్లా సారూ?” అని అడిగాడు. డాక్టరు అది సంతోషం అనుకుని నవ్వాడు.

ఆ మధ్యాహ్నమే ఏజెంటు ఆఫీసుకు పోయారు. ప్రదీప్‌కుమార్ వాళ్లను కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. భార్య పేరు తీసేస్తే పింఛను ఒక్క ప్రాణానికే కాబట్టి నెలకు కొంచెం ఎక్కువే వస్తుందని, చెప్పాలా వద్దా అన్నట్టు చెప్పాడు. ఆ మాట అన్నాక తనే తల దించుకున్నాడు.

“సారూ, ఒకటి అడుగుతా” అన్నాడు కంబన్న. “ఆమె పేరు మీద వేరేగా, ఆమెకే అని, ప్లాను ఉండేదా ఆ పొద్దు?”

“ఉండేది అన్నా. ఇద్దరికీ చెరిసగం చేసి ఉండొచ్చు.”

“అట్లయినా ఇదే అయ్యేది గదా.”

“ఇదే అయ్యేది. కానీ సగం ఆమెది అని ఉండేది.”

కంబన్న తలూపాడు. “నువ్వు చెప్పలేదు. నేను అడగలేదు. ఆమె మటుకు అడిగింది” అన్నాడు. కోపంగా అనలేదు. ఫారం తీసుకుని, ప్రదీప్‌కుమార్ వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశాడు. ఇక మీదట కంతులు కట్టనని, కట్టినదానికి ఎంత వస్తే అంతే చాలని చెప్పాడు. అట్లా చేయొచ్చని, యాభై ఎనిమిదికి చిన్న మొత్తమేదో వస్తుందని ప్రదీప్‌కుమార్ ఇంకో కాగితం రాయించుకున్నాడు.

బయటికి వచ్చాక కంబన్న నడవలేదు. అక్కడే నిలబడి, “నువ్వు గుంతకల్లులో మిషిను కుడ్తాండావు గదా. ఆ దుడ్లు ఎవురి చేతికి పోతాయి?” అని అడిగాడు.

“ఇంట్లోకే. యాడికి పోతాయి?”

“నీ పేరు మీద ఏమన్నా ఉండాదా?”

శివలీల తల అడ్డంగా ఊపింది. కంబన్న ఆమెను ఖాతా తెరిపించడానికి పోస్టాఫీసుకు తీసుకుపోయాడు. మొదట ఆమె వద్దంది. మొగుడికి తెలిస్తే గొడవవుతుందంది. తరవాత, గొడవైతే అయిందిలే అంది. ఖాతా గుంతకల్లుకు మార్చుకోవచ్చని గుమాస్తా చెప్పాడు. ఫారం నింపుతూ అతను తల ఎత్తకుండా, “గృహిణి కదమ్మా?” అన్నాడు.

“కాదప్పా. టైలరు” అంది శివలీల.

సాయంత్రం కొత్త బస్టాండులో ఆమెను గుంతకల్లు బస్సు ఎక్కించాడు. కిటికీలోంచి ఆమె, “నాతో వచ్చేయి నాయనా, నాలుగు దినాలు” అంది. అతను వద్దన్నాడు. నెలకు రెండు వందలు ఆ ఖాతాకు పంపుతానని, సాయంత్రం బండి మాత్రం పెట్టనని చెప్పాడు. బస్సు కదిలింది. కంబన్న దాని వెంట నాలుగడుగులు నడిచి ఆగిపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు అంగట్లో రెండు సంచుల బొరుగులు కొన్నాడు. మరునాడు పొద్దున ఆరింటికి బండి పెట్టాడు. పట్ట మూడువైపులా విప్పేసి, పైన మాత్రం ఉంచాడు. బొరుగులు ఎక్కువసేపు నానాయి. ఉగ్గాణి ముద్దముద్దగా అయింది. మొదట వచ్చిన ఆటో అతను రెండు ముద్దలు తిని, కంబన్న మొహం చూసి, “ఉప్పు కొంచెం తగ్గిందన్నా” అన్నాడు.

“ఉప్పు గాదప్పా” అన్నాడు కంబన్న. ఉప్పు డబ్బా అతని ముందుకు జరిపి, ఇంకో వాయి బొరుగులు నీళ్లలో వేసి, ఎంతసేపని ఎవరినీ అడగలేక, చేయి నీళ్లలోనే ఉంచి నిలబడ్డాడు.